లినక్స్ డ్రైవర్‌కు మెమరీ ఎక్కడి నుంచి తీసుకోవాలి: ఐఓరీమ్యాప్ మొదలు సీఎంఏ దాకా ఒక పోలిక

లినక్స్ కెర్నల్‌లో ఒకే బఫర్‌కు మూడు అడ్రసులు ఉండవచ్చు. సీపీయూ మీద నడిచే కోడ్ వాడేది వర్చువల్ అడ్రస్. ఆ బైట్లు ర్యామ్‌లో నిజంగా ఉన్న చోటును చెప్పేది ఫిజికల్ అడ్రస్. అదే చోటును పరికరం తన వైపు నుంచి చేరడానికి వాడేది డీఎంఏ అడ్రస్ (డీఎంఏ అంటే సీపీయూ ప్రమేయం లేకుండా పరికరమే ర్యామ్‌ను నేరుగా చదవడం, రాయడం). పరికరం ఇచ్చే అడ్రసులను ఫిజికల్ అడ్రసులుగా మార్చే ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్ పనిచేయని మామూలు డెస్క్‌టాప్‌లో చివరి రెండూ ఒకే అంకెగా కనబడతాయి కాబట్టి, వాటిని కలిపేసి రాసిన డ్రైవర్ రాసినవారి బల్ల మీద చక్కగా నడిచి, కస్టమర్ బోర్డు మీదకు వెళ్ళాక కూలబడుతుంది. ఏ ఫంక్షన్ ఎంచుకోవాలన్న ప్రశ్న చివరికి ఈ మూడింటిలో ఏది ఎవరికి, ఎంతకాలం కావాలన్న ప్రశ్నగానే తేలుతుందని నా అభిప్రాయం. వేగం గురించిన వాదనలన్నీ ఆ తర్వాతివే.

ఫంక్షన్ల పేర్లను ఈ వ్యాసంలో మనం నోటితో పలికినట్టే రాశాను; కోడ్‌లో ఆ మాటల మధ్య అండర్‌స్కోర్లు ఉంటాయని పాఠకులకు తెలిసిందే.

పరికరం మెమరీని సీపీయూకు చూపించడం

"డివైస్ మెమరీ" అన్నప్పుడు రెండు ఎదురెదురు పనులు ఒకే పేరుతో వినబడతాయి. పరికరంలో ఉన్న రిజిస్టర్లను, మెమరీని సీపీయూకు అందించడం మొదటిది. సీపీయూ దగ్గర ఉన్న ర్యామ్‌ను పరికరానికి అందించడం రెండోది. మొదటి దానిలో ఎంపికలు తక్కువ, కనుక దాన్ని త్వరగా ముగిద్దాం.

రిజిస్టర్లకైతే, వాటి ఫిజికల్ అడ్రస్‌ను సీపీయూ వాడగల వర్చువల్ అడ్రస్‌కు మ్యాప్ చేసే ఐఓరీమ్యాప్ కుటుంబమే దారి. బోర్డు మీది పరికరాలను కెర్నల్‌కు వివరించే డివైస్ ట్రీ నుంచి వచ్చే ప్లాట్‌ఫాం పరికరానికి 'డెవ్ఎం ప్లాట్‌ఫాం ఐఓరీమ్యాప్ రిసోర్స్' అన్న ఒక్క పిలుపు చాలు. 2019లో 5.1 కెర్నల్‌తో వచ్చిన ఈ ఫంక్షన్, రిసోర్స్‌ను వెతకడం, ఆ ప్రాంతాన్ని మన పేరున రిజర్వ్ చేయడం, మ్యాప్ చేయడం అనే మూడు పనులనూ కలిపి చేస్తుంది. రిజర్వ్ చేయకుండా నేరుగా ఐఓరీమ్యాప్ పిలిచినా డ్రైవర్ నడుస్తుంది గానీ, అదే ప్రాంతాన్ని ఇంకో డ్రైవర్ కూడా పట్టుకుంటే అడ్డుకునేవారు ఎవరూ ఉండరు. ప్రాక్ డైరెక్టరీలోని ఐఓమెమ్ ఫైల్‌లో మన డ్రైవర్ పేరు కనబడకపోతే ఈ పొరపాటు జరిగిందేమోనని ముందుగా అనుమానించాలి.

పీసీఐ పరికరానికి బార్ (బేస్ అడ్రస్ రిజిస్టర్) ద్వారా వెళ్ళాలి. బార్‌లో అన్నీ ఒకట్లు రాసి తిరిగి చదివితే, కింది ఫ్లాగ్ బిట్లను పక్కనపెట్టగా ఎన్ని బిట్లు సున్నాగా మిగిలాయో దాన్నిబట్టి పరిమాణం తెలుస్తుంది. కింది 20 బిట్లు సున్నాలైతే ఆ ప్రాంతం 1 ఎంబీ. ఈ పనిని కెర్నల్‌లోని పీసీఐ భాగం బూట్ సమయంలోనే చేసి పెడుతుంది. కాన్ఫిగ్ స్పేస్ నుంచి బార్ విలువను తామే చదివి, దాన్నే ఐఓరీమ్యాప్‌కు ఇచ్చిన కోడ్ నేను చాలాసార్లు చూశాను. బార్‌లో ఉండేది బస్ వైపు అడ్రస్, ఐఓరీమ్యాప్ అడిగేది సీపీయూ వైపు ఫిజికల్ అడ్రస్. ఎక్స్86 మీద ఈ రెండూ సాధారణంగా కలుస్తాయి కాబట్టి తప్పు బయటపడదు. పీసీఐఈ విండోకు వేరే ఆఫ్‌సెట్ ఉన్న ఆర్మ్ బోర్డు మీద బయటపడుతుంది. 'పీసీఐ రిసోర్స్ స్టార్ట్' ఇచ్చే విలువనే వాడాలి, లేదా నేరుగా 'పీసీఐ ఐఓమ్యాప్' పిలవాలి.

మామూలు ఐఓరీమ్యాప్ తీసుకోవాలా, రైట్ కంబైన్ రకం తీసుకోవాలా అన్నదానికి జవాబు తేలిక. ఫ్రేమ్‌బఫర్ వంటి, వరుసగా రాసుకుంటూ పోయే మెమరీకి రైట్ కంబైన్ రకం ఎంతో వేగంగా ఉంటుంది, ఎందుకంటే చిన్నచిన్న రాతలను సీపీయూ కూడగట్టి ఒకేసారి పంపుతుంది. సరిగ్గా ఆ కారణానికే కంట్రోల్ రిజిస్టర్లకు అది పనికిరాదు. "ముందు పొడవు రాయి, తర్వాత స్టార్ట్ బిట్ రాయి" అన్న క్రమం అక్కడ నిలవదు. పరికరం వైపు ఉన్నా చదివినందువల్ల ఏ మార్పూ జరగని, ర్యామ్‌లా ప్రవర్తించే ప్రాంతమైతే 2015లో 4.3 కెర్నల్‌లో వచ్చిన 'మెమ్‌రీమ్యాప్' సరైనది. పాత ట్యుటోరియల్స్‌లో కనబడే 'ఐఓరీమ్యాప్ నోక్యాష్' 2020లో 5.6తో తొలగిపోయింది, మామూలు ఐఓరీమ్యాప్ చేసేది అదే పని కనుక దానికోసం వెతకనక్కరలేదు.

కోహెరెంటా, స్ట్రీమింగా

అసలు ఆలోచించి ఎంచుకోవలసింది రెండో పనిలో, అంటే మన ర్యామ్‌ను పరికరానికి అప్పగించే చోట. ఇక్కడ రెండు పద్ధతులున్నాయి.

'డీఎంఏ అలాక్ కోహెరెంట్' ఒకేసారి రెండు అడ్రసులు ఇస్తుంది: మనకు వర్చువల్ అడ్రస్, పరికరానికి డీఎంఏ అడ్రస్. సీపీయూ రాసినది పరికరానికి, పరికరం రాసినది సీపీయూకు క్యాష్‌ను ఫ్లష్ చేయకుండానే కనబడుతుంది. ఇద్దరూ ఎప్పుడు పడితే అప్పుడు ముట్టుకునే డిస్క్రిప్టర్ రింగులు (ఏ బఫర్ ఎక్కడుందో, ఎంత పొడవో పరికరానికి చెప్పే ఎంట్రీల వరుసలు), స్టేటస్ బ్లాకులు, మెయిల్‌బాక్సుల వంటివాటికి ఇది తగినది. డ్రైవర్ బతికి ఉన్నంతకాలం ఉండే మెమరీ ఇది; ప్రోబ్‌లో (డ్రైవర్ పరికరానికి అతుక్కునేటప్పుడు) తీసుకుని రిమూవ్‌లో (విడిపోయేటప్పుడు) వదలాలి. కోహెరెంట్ అన్నారు కదా అని, రాతల క్రమాన్ని కాపాడే బ్యారియర్లు అక్కరలేదనుకోకూడదు. డిస్క్రిప్టర్‌లో అడ్రస్, పొడవు నింపాక, ఇక నీదే అని పరికరానికి చెప్పే ఓనర్ బిట్‌ను రాసేముందు 'డీఎంఏ డబ్ల్యూఎంబీ' ఉండవలసిందే.

స్ట్రీమింగ్ పద్ధతి పొలాన్ని కౌలుకిచ్చినట్టు ఉంటుంది. బఫర్ మనదే, కెర్నల్‌లో మామూలుగా మెమరీ ఇచ్చే కేమాలాక్‌తో ఎప్పుడో తీసుకున్నదే. 'డీఎంఏ మ్యాప్ సింగిల్' అన్న క్షణం నుంచి 'డీఎంఏ అన్‌మ్యాప్ సింగిల్' అనేదాకా అది పరికరానిది, ఆ మధ్యలో మనం అందులో కాలు పెట్టకూడదు. తప్పనిసరిగా మధ్యలో చూడవలసి వస్తే 'సింక్ ఫర్ సీపీయూ' పిలిచి చూసి, 'సింక్ ఫర్ డివైస్' పిలిచి తిరిగి అప్పగించాలి. నెట్‌వర్క్ ప్యాకెట్లు, డిస్క్ బ్లాకులు, అంటే వచ్చి పోయే డేటా ఏదైనా ఈ పద్ధతిలోనే వెళ్ళాలి.

రెండింటిలో తేలికగా కనబడే కోహెరెంట్‌ను అన్నిటికీ వాడేస్తే ఏమవుతుంది? ఎక్స్86 మీద దాదాపు ఏమీ కాదు, ఎందుకంటే అక్కడ హార్డ్‌వేరే క్యాష్‌లను పొందికగా ఉంచుతుంది. హార్డ్‌వేర్ ఆ పని చేయని ఆర్మ్ చిప్పుల మీద కోహెరెంట్ మెమరీ అంటే సీపీయూ క్యాష్‌లోకి రాని మెమరీ. రాయడం ఎలాగో నెట్టుకొస్తుంది గానీ చదవడం నత్తనడక అవుతుంది. కెమెరా ఫ్రేమ్‌ను అలాంటి బఫర్‌లోకి దించుకుని, దాని మీద సీపీయూతో ఇమేజ్ ప్రాసెసింగ్ చేయబోయినవారు, "ఇంత మంచి ప్రాసెసర్ ఇంత నెమ్మదేమిటి" అని కంపైలర్ ఫ్లాగులను తిప్పుతూ కూర్చోవడం నేనెరుగుదును. సీపీయూ ఎక్కువగా చదివే బఫర్‌ను స్ట్రీమింగ్‌గానే ఉంచడం మేలు.

స్ట్రీమింగ్‌కు కూడా దాని ప్రమాదం దానికుంది. దాన్ని నేను అనుభవపూర్వకంగా నేర్చుకున్నాను. ఒక ఆర్మ్ బోర్డు మీద ఎస్‌పీఐ సెన్సర్ డ్రైవర్‌లో, డ్రైవర్ స్ట్రక్చర్ లోపలే 32 బైట్ల రిసీవ్ బఫర్‌నూ, దాని పక్కనే 4 బైట్ల ఎర్రర్ కౌంటర్‌నూ పెట్టాను. క్యాష్ లైన్ (క్యాష్ ఒకేసారి తెచ్చి పంపే ముక్క) 64 బైట్లు కనుక రెండూ ఒకే లైన్‌లో పడ్డాయి. మ్యాప్ చేశాక, పరికరం ర్యామ్‌లోకి కొత్త రీడింగ్ రాస్తున్న సమయంలోనే ఇంకో త్రెడ్ కౌంటర్‌ను ఒకటి పెంచేది. ఆ ఒక్క కూడికకు మొత్తం లైన్ క్యాష్‌లోకి వచ్చి, పాత బఫర్ బైట్లతో సహా మురికి లైన్‌గా మారేది. కాసేపటికి సీపీయూ దాన్ని ర్యామ్‌లోకి తోసినప్పుడు, పరికరం రాసిన కొత్త రీడింగ్ మీద పాత రీడింగ్ పడిపోయేది. కొన్ని వందల రీడింగుల్లో ఒకటి మాత్రమే తప్పు రావడంతో మూడు రోజులు సెన్సర్‌నే అనుమానించి, వైర్లు మార్చి, ఆసిలోస్కోప్ పెట్టి చూశాను. వైరు మీద డేటా ప్రతిసారీ సరిగ్గానే ఉంది. బఫర్‌ను స్ట్రక్చర్‌లోంచి తీసి విడిగా కేమాలాక్ చేయగానే సమస్య పోయింది. కేమాలాక్ ఇచ్చే ముక్క డీఎంఏకు సురక్షితమని కెర్నల్ హామీ ఇస్తుంది. స్ట్రక్చర్ లోపలి ఫీల్డ్‌కు ఆ హామీ ఉండదు.

అలాగే స్టాక్ మీది అరేను ఎన్నడూ మ్యాప్ చేయకూడదు. ఈ నియమం కాగితం మీద ఎప్పటినుంచో ఉన్నా, 2016 డిసెంబర్‌లో వచ్చిన 4.9 కెర్నల్ ఎక్స్86 మీద కెర్నల్ స్టాక్‌ను విమాలాక్ ప్రాంతంలోకి మార్చేదాకా ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఆ మార్పుతో స్టాక్ మీది బఫర్లను పంపుతున్న యూఎస్‌బీ డ్రైవర్లు అనేకం ఒక్కసారిగా చెడిపోయి, ఒక్కొక్కటిగా దిద్దించుకున్నాయి. విమాలాక్ మెమరీ వర్చువల్‌గా వరుసగా ఉన్నా ఫిజికల్‌గా చెల్లాచెదురుగా ఉంటుంది కాబట్టి 'మ్యాప్ సింగిల్'కు దాన్ని ఇవ్వరాదు.

చిన్నవాటికి పూల్

కోహెరెంట్ అలోకేషన్ కనీసం ఒక పేజీ తీసుకుంటుంది. 32 బైట్ల డిస్క్రిప్టర్ కోసం 4 కేబీ ఖర్చుపెట్టడం ఎవరికీ ఇష్టముండదు, పైగా అలాంటివి వందల్లో కావాలంటే అసలే కుదరదు. అక్కడ, కోహెరెంట్ పేజీలను చిన్న ముక్కలుగా పంచే 'డీఎంఏ పూల్' వాడాలి. యూఎస్‌బీ 2.0 హోస్ట్ కంట్రోలర్‌కు చెందిన ఈహెచ్‌సీఐ డ్రైవర్ దీనికి మంచి ఉదాహరణ: ట్రాన్స్‌ఫర్ డిస్క్రిప్టర్ల పూల్‌ను 32 బైట్ల అమరికతో, ఏ డిస్క్రిప్టరూ 4096 బైట్ల హద్దు దాటకూడదన్న షరతుతో సృష్టిస్తుంది. ఈ హద్దు షరతు హార్డ్‌వేర్ మాన్యువల్‌లో ఎక్కడో ఒక వాక్యంగా ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకోవలసిన బాధ్యత మనది.

చిన్న డేటా విషయంలో ఇంకో ఎంపిక కూడా ఉంది: అసలు మ్యాప్ చేయకుండా, ముందే మ్యాప్ అయి ఉన్న బఫర్ నుంచి కాపీ చేసుకోవడం. ఇంటెల్ ఈ1000ఈ నెట్‌వర్క్ డ్రైవర్‌లో కాపీబ్రేక్ అన్న పరామితి ఉంది, దాని డిఫాల్ట్ విలువ 256 బైట్లు. అంతకంటే చిన్న ప్యాకెట్ వస్తే కాపీ చేసుకుని, పెద్ద బఫర్‌ను రింగులోనే ఉంచేస్తుంది. ఐఓఎంఎంయూ ఉన్న యంత్రంలో ప్రతి అన్‌మ్యాప్‌కూ ఖర్చుంటుంది కనుక ఈ పద్ధతి అక్కడ ఇంకా లాభదాయకం. ఇప్పుడు కొత్తగా నెట్‌వర్క్ డ్రైవర్ రాసేవారు, రిసీవ్ వైపుకు 2018లో 4.18తో వచ్చిన పేజ్ పూల్‌ను వాడితే పేజీలు మ్యాప్ అయిన స్థితిలోనే తిరిగి తిరిగి వాడుకలోకి వస్తాయి. సొంతంగా రీసైక్లింగ్ కోడ్ రాసుకోవడంలో అర్థం లేదు.

పెద్దవాటికి మూడు దారులు

పెద్ద బఫర్ అంటే ఎంత పెద్దదో అంకెల్లో చూద్దాం. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 1920 × 1080 ఫ్రేమ్‌కు 82,94,400 బైట్లు, అంటే 4 కేబీ పేజీలు సరిగ్గా 2025. మామూలు ఎక్స్86 అమరికలో పేజ్ అలోకేటర్ ఒకేసారి వరుసగా ఇవ్వగలిగే గరిష్ఠం 4 ఎంబీ. పైగా ఆ 4 ఎంబీ కూడా బూట్ అయిన వెంటనే దొరికినంత తేలికగా, వారం రోజులు నడిచి మెమరీ ముక్కలైన యంత్రంలో దొరకదు.

మొదట అడగవలసింది, ఫిజికల్‌గా వరుసగా ఉండటం నిజంగా అవసరమా అని. పరికరం స్కాటర్ గ్యాదర్ (చెదిరిన ముక్కలను ఒకే ట్రాన్స్‌ఫర్‌లో చదవడం, రాయడం) చేయగలదైతే, చెదిరిన పేజీలను పట్టిక చేసి 'డీఎంఏ మ్యాప్ ఎస్‌జీ'కి ఇస్తే సరిపోతుంది. ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఆ ఫంక్షన్ మనం ఇచ్చినదానికంటే తక్కువ ఎంట్రీలు తిరిగి ఇవ్వవచ్చు; పరికరానికి ఆ తిరిగొచ్చిన సంఖ్య చెప్పాలి గానీ, అన్‌మ్యాప్ చేసేటప్పుడు మాత్రం మొదట ఇచ్చిన సంఖ్యనే ఇవ్వాలి. ఇక, ముందు ఐఓఎంఎంయూ ఉంటే అది చెదిరిన పేజీలన్నిటినీ పరికరం దృష్టిలో ఒకే వరుసగా పేర్చగలదు, కానీ మనం 'డీఎంఏ సెట్ మాక్స్ సెగ్ సైజ్' పిలవకపోతే డిఫాల్ట్ హద్దు 64 కేబీ. "ఐఓఎంఎంయూ ఉంది కదా, ఒకే ఎంట్రీ రావాలి కదా" అని ఆశ్చర్యపోయేవారు ముందుగా ఈ ఒక్క వరుసను సరిచూసుకోవాలి.

స్కాటర్ గ్యాదరూ లేదు, ఐఓఎంఎంయూ కూడా లేదు అనుకుందాం. చవక డిస్‌ప్లే కంట్రోలర్లు, కెమెరా బ్లాకులు ఇలాగే ఉంటాయి. అప్పుడు మిగిలేవి సీఎంఏ (కంటిగ్యువస్ మెమరీ అలోకేటర్), డివైస్ ట్రీలో రాసిపెట్టే రిజర్వ్‌డ్ మెమరీ. 2012లో 3.5 కెర్నల్‌తో వచ్చిన సీఎంఏ ఒక ప్రాంతాన్ని పక్కనపెడుతుంది గానీ ఖాళీగా ఉంచదు. మనం అడిగేదాకా కదిలించదగిన పేజీలు అందులో కాపురముంటాయి, అడిగాక వాటిని వేరేచోటికి తరలించి మనకు ఇస్తుంది. ఆ తరలింపుకు సమయం పడుతుంది, ఎవరైనా ఒక పేజీని పిన్ చేసి ఉంచితే విఫలం కూడా కావచ్చు. రిజర్వ్‌డ్ మెమరీ అయితే ఎప్పుడు అడిగినా ఉంటుంది, కానీ కెమెరా వాడని రోజున కూడా ఆ మెమరీ ఇంకెవరికీ పనికిరాదు. 512 ఎంబీ బోర్డు మీద 64 ఎంబీని అలా గిరిగీసి పెట్టడం నాకు మనసొప్పదు. సీఎంఏ తీసుకుని, బఫర్లను స్ట్రీమింగ్ మొదలైనప్పుడు కాకుండా ప్రోబ్‌లోనే అడిగిపెట్టుకుంటాను. సిస్టమ్‌లోని ఇంకో ప్రాసెసర్‌లో నడిచే ఫర్మ్‌వేర్ ఒక స్థిరమైన అడ్రస్‌ను ఆశిస్తే మాత్రం చర్చ అనవసరం, రిజర్వ్‌డ్ మెమరీయే కావాలి.

ఈ ఎంపికలన్నిటికీ ముందు పరికరం ఎన్ని అడ్రస్ బిట్లు ఇవ్వగలదో 'డీఎంఏ సెట్ మాస్క్ అండ్ కోహెరెంట్'తో చెప్పాలి. చెప్పకపోతే కెర్నల్ 32 బిట్లు అనుకుంటుంది, అంటే 4 జీబీ. నేటి కెర్నల్స్‌లో 64 బిట్లు అడిగితే విఫలమయ్యే చోట 32 అడిగినా విఫలమే అవుతుంది కనుక, "అది కాకపోతే ఇది" అన్న పాత కోడ్ ముక్కను తీసేయవచ్చు. నిజం కంటే ఎక్కువ బిట్లు చెబితే పరికరం పై బిట్లను కోసేసి వేరెవరి మెమరీలోనో రాస్తుంది. రాస్‌ప్బెర్రీ పై 4 లోని కొన్ని పాత బ్లాకులు మొదటి 1 జీబీని మాత్రమే చేరగలవు. 4 జీబీ బోర్డు వచ్చాక ఆ పరిమితి కోసం 64 బిట్ల ఆర్మ్ కెర్నల్‌లో డీఎంఏ జోన్‌నే ఏర్పాటు చేయవలసి వచ్చింది. తక్కువ చెబితే ప్రమాదం లేదు, ఖర్చుంది: ఐఓఎంఎంయూ లేని యంత్రంలో హద్దు దాటిన ప్రతి బఫర్‌నూ ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీ తన బౌన్స్ బఫర్‌లోకి కాపీ చేస్తుంది. దాని డిఫాల్ట్ మొత్తం 64 ఎంబీ, ఒక్క మ్యాపింగ్‌కు గరిష్ఠం 256 కేబీ. పెద్ద మ్యాపింగ్ అడిగి విఫలమైనప్పుడు ఆ సంగతి చెప్పేది 'డీఎంఏ మ్యాపింగ్ ఎర్రర్' పరీక్ష ఒక్కటే. డీఎంఏ అడ్రస్‌ను సున్నాతో పోల్చి చూడటం పరీక్ష కిందికి రాదు.

పరికరం లోపలి మెమరీని పంచడం

చిప్ లోపలి ఎస్‌రామ్‌ను, గ్రాఫిక్స్ కార్డు మెమరీని ముక్కలుగా పంచవలసి వస్తే కేమాలాక్ వంటివి పనికిరావు, ఎందుకంటే ఆ మెమరీ పేజ్ అలోకేటర్ లెక్కల్లోనే లేదు. సొంత బిట్‌మ్యాప్ రాసుకోవాలన్న ఉబలాటం ఇక్కడే పుడుతుంది. అక్కరలేదు. కొన్ని వందల కేబీల ఎస్‌రామ్‌కు 'జెన్ పూల్' సరిపోతుంది; అది లెక్కలను బయట బిట్‌మ్యాప్‌లో ఉంచుకుంటుంది, పంచే మెమరీని తాను ముట్టదు. అడ్రస్ పరిధులు పెద్దవై, అమరిక షరతులు, ఫలానా పరిధిలోనే కావాలన్న షరతులు ఉంటే, కెర్నల్ గ్రాఫిక్స్ విభాగమైన డీఆర్ఎంలోని 'డీఆర్ఎం ఎంఎం' తగినది. దాని నోడ్‌ను మన స్ట్రక్చర్‌లోనే పొదుగుతాం కాబట్టి పంచే సమయంలో అది కొత్తగా మెమరీ అడగదు. గ్రాఫిక్స్ మెమరీని పెద్ద పేజీలతో మ్యాప్ చేయాలనుకునేవారికి డీఆర్ఎం బడ్డీ అలోకేటర్ ఉంది. 2కు ఘాతాలైన పరిమాణాలతో పనిచేసే ఏ అలోకేటర్‌లోనైనా ఉండే వృథా దానిలోనూ ఉంటుంది.

డెవ్ఎం వాడాలా

తీసుకున్నవాటిని డ్రైవర్ విడిపోయేటప్పుడు కెర్నలే వదిలేసేలా చేసే, డెవ్ఎం పేర్లతో ఉన్న ఫంక్షన్లు ప్రోబ్ మధ్యలో విఫలమైనప్పుడు వెనక్కి వదలవలసిన గోటో వరుసలను తీసేస్తాయి కనుక నేను వాటికే మొగ్గు చూపుతాను. కానీ అవి తీసుకున్న క్రమానికి ఎదురు క్రమంలో వదులుతాయన్నది గుర్తుంచుకుని వాడాలి. ఇంటరప్ట్‌ను ముందు అడిగి, 'డీఎంఏఎం అలాక్ కోహెరెంట్'తో రింగును తర్వాత తీసుకుంటే, మాడ్యూల్ తొలగించినప్పుడు రింగు ముందు పోతుంది, ఇంటరప్ట్ హ్యాండ్లర్ ఇంకా బతికే ఉంటుంది. రింగును ముందు, ఇంటరప్ట్‌ను తర్వాత తీసుకుంటే ఈ చిక్కు తీరుతుంది గానీ పరికరం చిక్కు తీరదు: మెమరీ వదిలేశామని దానికి ఎవరూ చెప్పరు, అది తన దగ్గరున్న డీఎంఏ అడ్రస్‌లోకి రాస్తూనే ఉంటుంది, ఆ పేజీ అప్పటికి వేరే ప్రాసెస్ చేతికి వెళ్ళి ఉంటుంది. అందువల్ల రింగు తీసుకున్న వెంటనే, పరికరాన్ని రీసెట్ చేసే ఒక చిన్న ఫంక్షన్‌ను 'డెవ్ఎం యాడ్ యాక్షన్ ఆర్ రీసెట్'తో నమోదు చేస్తే, ఎదురు క్రమంలో అది రింగు కంటే ముందే నడుస్తుంది. పీసీఐ పరికరమైతే ఆ ఫంక్షన్‌లోనే 'పీసీఐ క్లియర్ మాస్టర్' కూడా పిలిచి బస్ మాస్టరింగ్‌ను ఆపేయాలి.